చెవి ఉన్న బండి

మా మేస్త్రీ పోయాడన్న కబురు నాకు భోజనానికి కూర్చోబోతుంటే తెలిసింది. కబురు తెచ్చినవాడు మూడు ముక్కల్లో చెప్పి వెళ్ళిపోయాడు. విన్న వెంటనే నేను చేసిన పని, తల ఓ పక్కకి వంచి నేల చూడటం. అది నా అలవాటు కాదు, ఆయనది. ఎవరేం చెప్పినా కుడిచెవి మనవైపు పెట్టి, కళ్ళు నేలమీద పెట్టి, చాలాసేపు అలా ఉండిపోయేవాడు. కొత్తవాళ్ళు ఈయనకి చెవుడనుకుని గొంతు పెంచేవారు. మా డైరెక్టరు గారైతే ఉన్నన్నాళ్ళూ పెంచుతూనే ఉన్నారు.

ఎనభైల్లో అరకులో మాదొక సర్వే క్యాంపు. కొండల్లో ఏ రాయి ఎక్కడుందో రాసుకోవడం మా ఉద్యోగం. రాళ్ళు ఎక్కడికీ పోవు కనుక మాకెవరికీ పెద్ద తొందర ఉండేది కాదు. నేను స్టోరు గుమస్తాని, టైపిస్టుని కూడా. బి.ఎ. చదివాను. ఆ సంగతి క్యాంపులో అందరికీ తెలుసు, ఎందుకంటే అందరికీ నేనే చెప్పాను. ఆయన బళ్ళ షెడ్డుకి మేస్త్రీ. విజయనగరం వైపు మనిషి, క్రైస్తవ మిషను వాళ్ళ దగ్గర చిన్నప్పుడే పని నేర్చుకున్నాడట. నా తండ్రి వయసు. అయినా నన్ను ‘బాబూ’ అనేవాడు. నేను ‘మేస్త్రీ’ అనేవాణ్ణి. చివర ‘గారు’ పెట్టి ఉంటే నా డిగ్రీ ఏమీ అరిగిపోయేది కాదని ఇప్పుడనిపిస్తుంది.

ఆయన చేతిలో ఎప్పుడూ మూరెడు పొడవు స్క్రూడ్రైవరు ఉండేది. దాంతో ఆయన మరలు తిప్పగా చూసినవాళ్ళు తక్కువ. మొన ఇంజనుకి ఆనించి, కర్రపిడి చెవిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. లోపల ఏ బేరింగు అరిగిందో, ఏ వాల్వు సరిగ్గా కూర్చోలేదో అలా చెప్పేవాడు. ఒకనాడు నేను టైపు కొడుతుంటే వచ్చి, అడక్కుండా ఆ స్క్రూడ్రైవరు మిషనుకి ఆనించి కాసేపు విని, “ఎడం పక్క మూడో మీట వారం దాటదు బాబూ” అని వెళ్ళిపోయాడు. ఐదో రోజున అది విరిగింది. నాకు ఆశ్చర్యం వేయలేదు, ఒళ్ళు మండింది. మెకానిక్కు నా టైపు మిషను జోలికి రావడమేమిటి?

ఆయన నోట ఎప్పుడూ ఒక మాట. ఏది అడిగినా, “రెండు పద్ధతులున్నాయి బాబూ” అని మొదలెట్టేవాడు. టీ కాచడానికి రెండు పద్ధతులు. ఘాటురోడ్డు దిగడానికి రెండు పద్ధతులు. చలికాలం స్నానానికీ రెండే, అందులో ఒకటి మానెయ్యడం. రెండూ చెప్పేవాడు కానీ ఏది మంచిదో చెప్పేవాడు కాదు. “నువ్వు సూసుకో” అనేవాడు. వంటవాడికి మాత్రం ఆయన మీద ఒకే ఫిర్యాదు. భోజనం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తే, ఆ ప్రార్థన అయ్యేసరికి మిగతావాళ్ళకి రెండో వాయి అన్నం కూడా అయిపోయేది. దేవుడికి కూడా ముందు చెవి ఇచ్చి, తర్వాత మాట్లాడేవాడేమో మరి.

ఇక బళ్ళ సంగతి. ఏదో విదేశీ సాయం కింద మా క్యాంపుకి రెండు కార్లు వచ్చాయి. ఒకటి తెల్లది, ఒకటి నీలంది. రెండిటికీ టర్బో. అప్పటికి ఆ కొండల్లో టర్బో అన్న మాట విన్నవాళ్ళు మా క్యాంపులోనే ఇద్దరో ముగ్గురో. వాళ్ళకీ అర్థం తెలియదు. మేస్త్రీ బళ్ళతో వచ్చిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు రెండూ గదికి తీసుకెళ్ళి, తన బైబిలు పక్కన పెట్టుకుని రెండు వారాలు చదివాడు. అర్థం కానిచోట పెన్సిలుతో చిన్న గీత పెట్టేవాడు. బైబిల్లో కూడా అలాంటి గీతలు చూశాను.

చదివాక మాకు వివరించాడు. ఇంజను వదిలే పొగ ఊరికే బయటికి పోకుండా ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం గాలిని ఇంజన్లోకి గట్టిగా తోస్తుంది. ఆ తోపుడు పేరు బూస్టు. బూస్టు ఉంటే చిన్న ఇంజను పెద్ద ఇంజనులా లాగుతుంది. మరీ ఎక్కువైతే లోపల పిస్టన్లు కరిగిపోతాయి. అందుకని, మితిమీరినప్పుడు పొగని పక్కదారి పట్టించడానికి ఒక చిన్న తలుపు ఉంటుంది. ఆ తలుపు ఎప్పుడు తియ్యాలో, ఎంత తియ్యాలో చెప్పేది ఎలక్ట్రానిక్ పెట్టె.

“ఆ సెప్పడానికి రెండు పద్ధతులున్నాయి బాబూ,” అన్నాడు. “నీలంబండి పెట్టెలో ఒక పట్టీ రాసుంది. ఇంజను ఇంత జోరులో ఉంటే తలుపు ఇంత తియ్యి, అంతే. ఆ పట్టీ రాసినోడు ఆళ్ళ ఊళ్ళో కూకుని రాసేడు. తెల్లబండికీ పట్టీ ఉంది గానీ, ఒక సెవి కూడా ఉంది. ఇదిగో, ఇక్కడ ఇంజనుకి బిగించేరు సూడు, ఈ బిళ్ళ. లోపల చప్పుడు తేడా వత్తే ఇంటాది. ఇని, పట్టీ సంగతి పక్కన పెట్టి బూస్టు తగ్గించేత్తది.”

“అయితే తెల్లదే మంచిదన్నమాట,” అన్నాను.

“నువ్వు సూసుకో,” అన్నాడు.

చూసుకోవలసిన అవసరం తొందరలోనే పడింది. అలాంటివి ఇంకో నాలుగు బళ్ళు పంపుతాం, రెండింట్లో ఏ రకం కావాలో తేల్చి చెప్పమని పైనుంచి ఉత్తరం వచ్చింది. ఓడిన బండి విశాఖపట్నం ఆఫీసుకి పోతుంది. అక్కడ డ్రైవర్లకి కొదవ లేదు. కాబట్టి ఆ బండి నడిపేవాడు టెంపరరీ అయితే ఉద్యోగం పోయి ఇంటికి పోతాడు. నీలంబండి డ్రైవరు అప్పారావు పర్మనెంటు మనిషి, అతనికి భయం లేదు. తెల్లబండి నడిపే బాలన్నది హుకుంపేట అవతల కొండమీద ఊరు, టెంపరరీ ఉద్యోగం. ఆ ఊళ్ళో మొట్టమొదట స్టీరింగు పట్టినవాడు అతనే. రోజూ తెల్లారకముందే లేచి, బండి అద్దంలా తుడిచి, పెట్రోలు పోయించుకోవడానికి మా స్టోరు ముందు అందరికంటే ముందు నిలబడేవాడు. అప్పారావు తీరిగ్గా పళ్ళు తోముకుని వచ్చేవాడు.

అనంతగిరి ఘాటు ఎక్కడంలో వారం తిరక్కుండా తేలిపోయింది. నీలంబండి దూసుకుపోయేది. తెల్లబండి నాలుగో మలుపు దాటాక నీరసపడిపోయేది, లాగేది కాదు. అప్పారావు పైన టీ తాగుతూ ఎదురుచూసేవాడు. “ఏటి బాలన్నా, బండికి జొరం తగిలిందేటి?” అని ఎగతాళి చేసేవాడు. బాలన్న బండి బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడేవాడు.

ఇక్కడ నా ప్రవేశం. నాకు ముక్కు చురుకు. ఒకరోజు తెల్లబండి ట్యాంకు మూత తీసి వాసన చూశాను. కిరసనాయిలు. ఇంకేం కావాలి? బాలన్న పెట్రోలు తీసి ముంచింగిపుట్టు సంతలో అమ్ముకుని, ఆ వెలితి కిరసనాయిలుతో నింపుతున్నాడని అక్కడికక్కడే తీర్మానించేశాను. డైరెక్టరు గారికి ఇంగ్లీషులో పేజీన్నర నోటు టైపు చేశాను. నా జీవితంలో నేను రాసిన మంచి ఇంగ్లీషు అదే. ‘విశ్వసనీయమైన అనుమానం’ అని ఒకచోట రాసినట్టు గుర్తు.

డైరెక్టరు గారు బాలన్నని పిలిచి అడిగారు. “నాను సెయ్యనేదు బాబూ” అని ఒక్కటే మాట అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట, అదే గొంతు. నిజం చెప్పేవాడు ఇంకో నాలుగు మాటలు కలిపి చెబుతాడు కదా అని నాకనిపించింది. వారంలో మేస్త్రీ రెండు బళ్ళనీ పోల్చి రిపోర్టు ఇవ్వాలి, దాన్నిబట్టి బండీ డ్రైవరూ ఇద్దరి సంగతీ ఒకేసారి తేల్చేస్తాం అన్నారు డైరెక్టరు గారు.

మర్నాడు తెల్లారేసరికి మేస్త్రీ స్టోరు దగ్గరికి వచ్చి, ఖాళీ డ్రమ్ము మీద కూర్చుని, గ్లాసులో టీ ఊదుకుంటూ నా పని చూడసాగాడు. నాకు ముచ్చటేసింది. నా పద్ధతి ఆయనకి చూపించాను. అంతకు ముందున్న గుమస్తా రెండు చేతిపంపులు వాడేవాడు, పెట్రోలు డ్రమ్ముకొకటి, కిరసనాయిలు డ్రమ్ముకొకటి. నేను రాగానే అది దుబారా అని ఒకటి వెనక్కి పంపేశాను. ఇప్పుడు ఒకే పంపు, ముందు వంటశాలకీ లాంతర్లకీ కిరసనాయిలు కొట్టడం, తర్వాత అదే పంపు ఎత్తి పెట్రోలు డ్రమ్ములో పెట్టి బళ్ళకి కొట్టడం. మేస్త్రీ అంతా విన్నాడు. తల వంచి, నేల చూస్తూ.

“అడుగున మూత ఉందా బాబూ పంపుకి?”

“ఉంది. లోపల ఉన్న నూనె ఒక్క చుక్క కారదు,” అన్నాను గర్వంగా.

ఆయన లేచి, కిరసనాయిలు కొట్టడం అయ్యాక పంపు ఎత్తి, దాని మూతి ఒక పెద్ద సీసాలో పెట్టి నాలుగుసార్లు తిప్పాడు. సీసా మెడదాకా నిండింది. బిరడా పెట్టి, సీసా చంకలో పెట్టుకుని షెడ్డుకి పోయాడు. ఏదో శుభ్రం చేసుకోవడానికి కాబోలనుకున్నాను. నేను బి.ఎ. చదివానని ముందే చెప్పాను.

పోతూ పోతూ అప్పారావుతో, “ఈ నాలుగు రోజులూ నువ్వే ముందు కొట్టించుకోవాల. బాలన్న తరవాత,” అన్నాడు. అప్పారావు దాన్ని తనకి జరిగిన మర్యాదగా తీసుకున్నాడు.

ఐదోనాడు మేస్త్రీ డైరెక్టరు గారిని తనతో పాటు నీలంబండిలో కూర్చోబెట్టి ఘాటు ఎక్కించాడు. వెనక బాలన్న తెల్లబండి, అందులో నేను. నాలుగో మలుపు వచ్చింది. తెల్లబండి నీరసపడుతుందని కాళ్ళు బిగబట్టుకు కూర్చున్నాను. అది నీరసపడలేదు. బాలన్న కాలు కింద అది పిల్లికూనలా గురగురలాడుతూ నీలంబండి తోక పట్టుకుని పైకి పాకింది. అద్దంలో బాలన్న మొహం కనిపించింది. అతను నవ్వడం చూడటం నాకదే మొదలు.

ముందు బండి ఆగింది. నీలంబండి కూడా జోరుగానే ఎక్కింది, కానీ లోపలినుంచి ఒక చప్పుడు, రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు. అప్పారావు రోడ్డుమీద కంకర అన్నాడు. మేస్త్రీ అతన్ని ఇంజను రేజు చెయ్యమని, బానెట్టు ఎత్తి, స్క్రూడ్రైవరు ఆనించి, పిడి డైరెక్టరు గారి చెవిలో పెట్టాడు. కోటు వేసుకున్న డైరెక్టరు గారు, రోడ్డు మధ్య, నడుం వంచి, చెవికి గ్రీజు పూసుకుని వింటున్నారు. ఆయన ఎవరి మాటైనా అంతసేపు వినడం మా క్యాంపు చరిత్రలో లేదు.

“ఆ సప్పుడు ఇంజను మొత్తుకోడం సార్,” అన్నాడు మేస్త్రీ. “పెట్రోల్లో కిరసనాయిలు కలిత్తే మంట తప్పుతాది. ఇన్నాళ్ళూ తెల్లబండి అది ఇని, బూస్టు తగ్గించుకుని, నెమ్మదిగా ఎక్కింది. మనం దానికి సత్తువ నేదనుకున్నాం. నీలందానికి సెవి నేదు. పట్టీలో ఎంతుంటే అంతా తోసేత్తది. ఇలా ఇంకో నెల నడిపితే పిస్టన్లు కరిగిపోతాయి. నాలుగు బళ్ళు ఏ రకం తెప్పించుకోవాలో తవరు సూసుకోండి.”

ఆఫీసుకి వచ్చాక సీసా తెచ్చి బల్లమీద పెట్టాడు. డైరెక్టరు గారు మూత తీసి వాసన చూసి, ఇదెక్కడిది అన్నారు. పంపు గొట్టంలో మిగిలినదని, పొద్దున్నే ముందు కొట్టించుకున్న బండిలోకి రోజూ ఇది పోతుందని చెప్పాడు. ముందు నిలబడేది బాలన్న గనక అతని బండికి పట్టిందని, ఈ నాలుగు రోజులూ అప్పారావుది ముందు పెడితే దానికి పట్టిందని చెప్పాడు.

“రెండు డ్రమ్ములకీ ఒకే పంపేమిటి? ఎవరి తెలివి ఇది?” అన్నారు డైరెక్టరు గారు.

నేను టైపు మిషను దగ్గర నిలబడి ఉన్నాను. మేస్త్రీ తల వంచాడు. కుడిచెవి నావైపు ఉంది. కళ్ళు నేలమీద ఉన్నాయి. ఎంతసేపు అలా ఉన్నాడో చెప్పలేను. నేను రిబ్బను సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాను. రిబ్బను సరిగ్గానే ఉంది.

“నా తప్పే సార్,” అన్నాడు ఆయన. “పంపులూ మిషన్లూ సూసుకోవలసింది నేను. రెండోది అడిగి తెచ్చుకోవలసింది.”

బాలన్న ఉద్యోగం నిలబడింది. తెల్లబండి నిలబడింది. నీలంబండి అప్పారావుతో సహా విశాఖపట్నం పోయింది. మేస్త్రీకి అజాగ్రత్త కింద ఒక మెమో వచ్చింది. ఆ ఏడు ఆయనకి ఫోర్‌మన్ పోస్టు రావలసింది. మెమో ఉన్నవాడికి ఇవ్వరు గనక రాలేదు, తర్వాత కూడా రాలేదు. ఆ మెమో టైపు చేసింది నేను. తీసుకెళ్ళి ఇచ్చిందీ నేనే. ఆయన చేతులు తుడుచుకుని, వెలుగులోకి పట్టి మొత్తం చదివి, సంతకం పెట్టి, “బాగా కొట్టేవు బాబూ. ఒక్క తప్పు కూడా నేదు,” అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు వెతికాను. దొరికితే కోపం తెచ్చుకోవచ్చని నా ఆశ. దొరకలేదు.

ఉద్యోగం నిలబడిందని బాలన్నకి ముందుగా చెప్పింది కూడా నేనే. మంచి కబుర్లు మోయడానికి నాకెప్పుడూ ఓపిక ఉండేది. ఆ చలికాలం అతను తన పొలంలో పండిన ఎర్ర చిక్కుడు పిక్కలు ఒక సంచీడు తెచ్చి నా గది ముందు పెట్టాడు. “తిను బాబూ” అన్నాడు. నోటు రాసింది నేనని అతనికి తెలియదు కాబోలు, కొండమనిషి, అమాయకుడు, అనుకున్నాను. తీసుకున్నాను. మరుసటేడూ తెచ్చాడు. ఆ పైయేడూ తెచ్చాడు. రాత్రంతా నానబెట్టి ఎంత ఉడికించినా ఆ పిక్కలు ఓ పట్టాన మెత్తబడేవి కావు. సంచీ వచ్చిన మర్నాడల్లా మేస్త్రీ షెడ్డులోంచి నన్ను కేకేసి అడిగేవాడు.

“ఉడికేయా బాబూ?”

“ఇంకా లేదు మేస్త్రీ,” అనేవాణ్ణి.

“పరవానేదు. సూద్దాం,” అనేవాడు.

నాకు బదిలీ అయి కిందికి వచ్చేశాక కూడా సంచీ ఆగలేదు. ఏటా ఎవరో బస్సులో తెచ్చి ఇచ్చేవారు. మేస్త్రీ రిటైరై వాళ్ళ ఊరు పోయాడు. ఒకసారి వెళ్ళి ఆయనతో ఆ పంపు సంగతి మాట్లాడాలని నాకు ఏటా అనిపించేది, ముఖ్యంగా పిక్కలు తింటున్నప్పుడు. ఏటా సెలవు దొరికేది కాదు. సినిమాలకి దొరికేది.

సమాధి చేసే రోజున వెళ్ళాను. దిబ్బల మీద చిన్న చర్చి, పక్కనే సమాధుల తోట. పెట్టెలో ఆయన తల కొంచెం కుడిపక్కకి వంగి ఉంది. ఎవరూ సరిచెయ్యలేదు. అందరూ పాడుతున్నారు. నాకు పాట రాదు. నేను ఏడ్చాను. పాదిరి గారు నేను దగ్గరి చుట్టాన్ననుకుని భుజం మీద చెయ్యి వేశారు.

మట్టి వేశాక చూస్తే గోడ దగ్గర బాలన్న. జుట్టు నెరిసింది. భుజాన సంచీ ఉంది. కొండ దిగి, రెండు బస్సులు మారి వచ్చాడట. దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు కూడా చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేననిపించింది.

“బాలన్నా, ఆ పంపు తప్పు మేస్త్రీగారిది కాదు. నాది. నీ మీద నోటు రాసిందీ నేనే.”

జీవితంలో మొదటిసారి ఆయన్ని ‘గారు’ అన్నాను. బాలన్న నావైపు నెమ్మదిగా చూశాడు.

“తెలుసు బాబూ. అప్పుడే తెలుసు. నాకు కోపం వచ్చి నిన్ను కొడతానన్నాను. మేస్త్రీ బాబు ఆపేడు. తప్పు సేసినోడి నోట తప్పు సెప్పించడానికి రెండు పద్ధతులున్నాయన్నాడు. కొట్టి సెప్పించడం ఒకటి, పెట్టి సెప్పించడం ఒకటి. రెండోది సూద్దాం, నువ్వు ఏటా పిక్కలు ఇత్తా ఉండు, ఎప్పుడో సెప్తాడు అన్నాడు. ఇచ్చేను. సెప్పేడా సెప్పేడా అని పోయినేడు కూడా నన్నడిగేడు.”

ఆయన చాలాసేపు వింటాడని తెలుసు. ఇన్నేళ్ళు వింటాడని తెలియదు.

బాలన్న భుజాన సంచీ దించుకున్నాడు. అలవాటు కొద్దీ నా చెయ్యి ముందుకు వెళ్ళింది. అతను నా చేతిని చూశాడు, సంచీ రెండో భుజానికి మార్చుకున్నాడు.

“ఇయ్యి నీకు కావు బాబూ. నువ్వు సెప్పేసేవు గదా,” అని, మేస్త్రీగారి భార్య కూర్చున్న అరుగు వైపు నడిచాడు.